మూల కుర్చీ గారికి, పెళ్లిపిల్ల అక్క రాయునది

మహారాజశ్రీ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ, మీ నాలుగు కాళ్లూ క్షేమమని తలుస్తాను. మొన్న హంటర్ రోడ్డులో మా చెల్లె పెళ్లికి విచ్చేసి, కూలరు వెనక, చేతులు కడిగే బేసిను పక్కన, రెండున్నర గంటలు మా తమ్ముణ్ని మోసినందుకు ముందుగా మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు. నడుము పట్టేయలేదు కదా? మావాడు డెబ్బై రెండు కిలోలు.

హాలువాళ్ల కుర్చీలకు తెల్లగుడ్డ తొడిగి, వెనక గులాబీ రంగు రిబ్బను కట్టారు. అవి పెద్దమనుషులకు. సరిపోక మా వాడ టెంట్‌హౌస్ నుంచి తెప్పించిన 150 మందిలో మీరొకరు. వీపు మీద పచ్చ పెయింటుతో రెండక్షరాలు. మీకు గుడ్డ తొడగలేదని నొచ్చుకోకండి, మిమ్మల్ని వేసిన చోటికి ఫొటోగ్రాఫర్ రాడు.

నేనెవరో మీకు తెలియకపోవచ్చు. బుద్ధి ఎదుగుదల నెమ్మదైన మావాడు మాత్రం మీ వంశానికి పాతచుట్టం. ఇరవై నాలుగేళ్లుగా ఏ ఇంటికి పోయినా, ఏ దావత్‌కు పోయినా మొదట వాడికి ఎదురొచ్చేది మీరే. మనుషులు తర్వాత. "ఇగో, ఇక్కడ కూసో బిడ్డా" అని మిమ్మల్ని జరుపుతారు. ఎటు జరుపుతారంటే, ఫ్యాను గాలి తగిలే చోటికి, జనం చూపు తగలని చోటికి. మర్యాదకు మర్యాదా అయింది, అడ్డం లేకుండా జరపడమూ అయింది. మీలో ఉన్న సుగుణం ఏమిటంటే మీ మీద తప్పు పట్టలేం. నిలబెడితే నిలదీయొచ్చు. "కూసోబెట్టినం గదా, ఇంకేం గావాలె?" అంటే ఏం చెబుతాం?

బడిలో మీ అన్నగారు, ఆ చెక్క బల్ల, ఇదే సేవ చేసింది. ఆఖరి వరస, కిటికీ పక్క. "వచ్చి కూసుంటే చాలమ్మా, హాజరు మేం చూసుకుంటం" అన్నాడు సారు, మంచివాడే. మావాడు కూర్చున్నాడు. ఏడేళ్లు కూర్చొని కూర్చొని పై తరగతులకు పోయాడు. వారానికి రెండు దినాలు మండలంలో ఇట్లాంటి పిల్లల కోసం సర్కారు పెట్టిన భవిత కేంద్రానికి పోయినప్పుడే, అక్కడి మేడం పుణ్యాన, నిలబడి ఏమన్నా పని చేసిండు.

వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపులో కూడా మీరే. పొద్దున ఎనిమిదికి వేస్తే మధ్యాహ్నం మూడుకు లేపారు. లోపల ఒక చెక్క పలక. అందులో పది గుంటలు, పది చెక్కముక్కలు: గుండ్రం, చదరం, నక్షత్రం, అట్లా. ఏ ముక్క ఏ గుంటలో పడుతుందో వాడు పెట్టాలి, ఎదురుగా ఒకాయన గడియారం పట్టుకొని చూస్తుంటాడు. ఏడు గంటలు కూర్చొని, ఆకలితో, కొత్త మనిషి ముందు వాడు నక్షత్రాన్ని జేబులో పెట్టుకున్నాడు. 75 శాతం వైకల్యం అని రాశారు. తెలివి లెక్క (ఐక్యూ) 35 నుంచి 49 మధ్య ఉంటే అప్పట్లో ఆ శాతం. పద్దెనిమిది నిండాక ఇచ్చిన కాయితం కాబట్టి జీవితాంతం చెల్లుతుంది. వాడు రేపు ఇంకేం నేర్చుకున్నా కాయితం మాట తప్పదు.

ఆ కాయితం వచ్చాక చుట్టాలకు మావాడి గురించి అడగడానికి ఒక ప్రశ్న దొరికింది. "పింఛనెంతొస్తది?" 500 ఉన్నది 1,500 అయ్యి, 3,016 అయ్యి, 2023లో 4,016 అయిన సంగతి మా చుట్టాలకు తెలిసినంతగా పింఛనాఫీసుకు కూడా తెలియదు. వాడికి ఏ కూర ఇష్టమో మాత్రం ఒక్కరికీ తెలియదు. (చామగడ్డ పులుసు.)

మీకు గౌరవం దక్కే రోజు ఒకటుంది లెండి, డిసెంబరు 3. ప్రపంచమంతా 1992 నుంచి ఆ రోజు వికలాంగుల దినం జరుపుకుంటున్నది. ఆ రోజు మిమ్మల్ని ముందు వరసలో వేస్తారు. ఒక అరటిపండు, ఒక బన్ను, మూడు ఉపన్యాసాలు. ఒకసారి, కాజీపేట నుంచి హనుమకొండ దాకా ఒక్క ఊపిరిలో నడిచే మావాణ్ని మూడు చక్రాల బండి మీద కూర్చోబెట్టి ఫొటో తీశారు. కూర్చోబెట్టుడే గదా, మీదైతేనేం, బండిదైతేనేం. పేరు కూడా మార్చారు. 2015 నుంచి వాడు దివ్యాంగుడు. మా వాడలో మాత్రం ఎడ్డోడు ఎడ్డోడే. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 7 వైకల్యాలను 21 చేసి, అయిదో సెక్షన్‌లో సమాజంలో కలిసి బతికే హక్కు రాసిచ్చింది. నేను రెండుసార్లు చదివాను. కూలరు వెనక మూల సమాజంలోకి వస్తుందా రాదా అన్న వివరం దొరకలేదు.

సరే, ఇవన్నీ పాత బాకీలు. ఈ ఉత్తరం రాసింది వీటి కోసం కాదు. ప్యాలాల కోసం.

లాజహోమంలో పెళ్లిపిల్ల దోసిట్ల ఆమె అన్నో తమ్ముడో ప్యాలాలు పోస్తాడు. ఆమె వాటిని అగ్గిలో వేస్తుంది. మూడుసార్లు. మా చెల్లెకు అన్న ఒక్కడే. పెళ్లి కుదిరిన నాడే అది "అన్ననే పోస్తడు" అన్నది. మేం ఆషామాషీగా తలూపలేదు. వాడికి నాలుగేళ్లప్పుడు అమ్మ కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌కు తీసుకుపోయేది. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉన్నది అక్కడే. అక్కడ అమ్మకు ఒక ఉపాయం చెప్పారు: పనిని తోకనుంచి నేర్పాలని. అంగీ గుండీని అమ్మే కాజాలో ముప్పావు వంతు దూర్చేది, ఆఖరున బయటికి లాగడం ఒక్కటే వాడి పని. అది వచ్చినాక సగం దూర్చి వదిలేది. ఆ తర్వాత కొస ఆనించి వదిలేది. మొదటినుంచి మొదలుపెడితే వాడికి ప్రతిసారీ ఓటమే. తోకనుంచి అయితే ప్రతిసారీ గుండీ పడుతుంది, వాడు చప్పట్లు కొడతాడు. ఒక్క గుండీకి ఐదు నెలలు పట్టింది. ఇప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు తయారయ్యేది వాడే.

ప్యాలాలు కూడా అట్లనే నేర్పినం. నెల రోజులు, పొద్దూకంగ, డాబా మీద. చెల్లె దోసిలి పట్టి కూసునేది. మొదట నేనే వాని గుప్పిట్ల మురమురాలు పోసి, చెయ్యి దాని దోసిలి మీదికి తెచ్చేదాన్ని, వాడు వేళ్లు విప్పితే చాలు. తర్వాత చెయ్యి వాడే తెచ్చిండు. తర్వాత చేటలకెళ్లి వాడే తీసిండు. అన్నిటికన్న కష్టమైంది ఆగుడు. ఒకటి పోసి, ఆగాలె. మంత్రం అయిందాక ఆగాలె. రెండు. మల్ల ఆగాలె. ఫోన్ల మంత్రం పెట్టి మరీ నేర్పినం. డాబా మీది చీమలు ఆ నెల బతుకమ్మకన్న ఘనంగా పండుగ చేసుకున్నయ్. ఆఖరి వారంల ఒక్కసారి కూడా తప్పలే.

పెళ్లినాడు కొత్త పట్టు అంగీ, గుండీలన్నీ వాడే పెట్టుకున్నడు. మండపం పక్కన నిలబడ్డడు. అయ్యగారు "పెళ్లిపిల్ల అన్న ఎవరమ్మా, రావాలె" అన్నడు. వాడు ఒక అడుగు ముందుకేసిండు.

మా పెద్దనాయిన అడ్డం వచ్చిండు. కోపంతోని కాదు, నవ్వుకుంటనే. "ముహూర్తం దాటిపోతది. వీడియో నడుస్తున్నది. మొగపిల్లగాని తరఫోళ్లంత జూస్తున్నరు. ఏమన్న అయితే మల్ల పిల్ల బతుకు." అట్లని సొంత కొడుకును మండపమెక్కిచ్చిండు. మొగపిల్లగాని తరఫోళ్లకు తెలియక కాదు. పెళ్లికొడుకు మా ఇంటికొచ్చి మావానితోని క్యారంస్ ఆడి ఓడిపోయిండు. కాని ఆయన మేనత్త మూడు సార్లు అడిగింది, "మీ ఇంట్ల ఇంకెవరికన్న ఇట్లున్నదా?" అని. పుట్టంగనే ఏడ్వలేదమ్మా, ఊపిరందక మెదడుకు దెబ్బ తాకింది, అది చెల్లెకు గాని, దాని కడుపుల పిల్లలకు గాని అంటేది కాదు అని అమ్మ మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి చెప్పుడెందుకని మా పెద్దలు వాణ్ని దాచుడే సులువనుకున్నరు.

ఇగ మిమ్మల్ని "మీరు" అనుడు నాతోని కాదు. నువ్వు ఎక్కడికెళ్లి వచ్చినవే ఆ టైంకు? ఎవరు పిలిచిండ్రు నిన్ను? ఎవరో ఒకరు నిన్ను ఎత్తి కూలరెనక వేసిండ్రు, ఇంకెవరో వాని భుజం పట్టిండ్రు. "జరసేపు ఇక్కడ్నే కూసో తమ్మీ" అన్న మాట మాత్రం ఎవరిదో నాకు తెలుసు. నాదే. నెల రోజులు నేర్పిన నోటితోనే అన్న. పెద్దనాయినకు ఎదురు చెప్పనీకి చాతగాక అన్న. అమ్మ కొంగు నోట్ల పెట్టుకున్నది. బాపు చెప్పుల దిక్కు చూసిండు. నువ్వు ఉన్నవు గనుక మాకు సులువైంది. నువ్వు లేకపోతే వాణ్ని ఏడ పెట్టేటోళ్లం? మండపం మీదనే నిలబెట్టేటోళ్లం గావచ్చు.

అన్న లేని పిల్లకు పెద్దనాయిన కొడుకు పోస్తడు, తప్పులేదు. మా చెల్లెకు అన్నున్నడు. ఇరవై అడుగుల దూరంల, నీ మీద.

ఆ పెద్దనాయిన కొడుకు బీటెక్. కెమెరా దిక్కు చూసుకుంట చేటల ఉన్న ప్యాలాలన్నీ ఒక్కపారే గుమ్మరిచ్చిండు. "మూడుసార్లు బాబూ, మూడుసార్లు" అని అయ్యగారు నెత్తి కొట్టుకున్నడు. కింద పడ్డవి ఏరి మల్ల పోపిచ్చిండు. ఎవరూ నవ్వలే. "పిల్లగాడు గాబరా పడ్డడు పాపం" అన్నరు. మావాడు అట్ల చేసి ఉంటే ఏమనేటోళ్లో నీకు తెలుసు, నువ్వు ఇరవై నాలుగేళ్లుగా వింటున్నవు.

నేను ఇటు తిరిగి చూసిన. వాడు నీ మీద ముందుకు వంగి కూసున్నడు. గుప్పిట బిగిచ్చిండు. చెయ్యి ముందుకు సాచి వేళ్లు విప్పిండు. ఆగిండు. మంత్రం అయిందాక ఆగిండు. మల్ల. ఆగిండు. మల్ల. చెయ్యి ఒళ్లె పెట్టుకున్నడు. వానిది సరిగ్గా మూడు.

పెళ్లికొడుకు ఏడడుగులైనంక అటిటు చూసి "బావ ఏడి?" అన్నడు. పెద్దనాయిన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ చెవుల గింగురుమంటున్నది: "ఆడ మంచిగ కూసున్నడు."

మంచిగ కూసున్నడు!

నీకు ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్త. నీకు తెలుసు, అయినా చెప్త. నాలుగేండ్ల కింద మాఘమాసంల పోరగాళ్లు దొర్కక మా వాడ టెంట్‌హౌస్ అన్న వీణ్ని పిలిచిండు. జాలితోని కాదు, చేతులు తక్కువై. అప్పటిసంది వాడు నిన్నూ, నీ కులపోళ్లనూ మోస్తున్నడు. పది కుర్చీలు ఒక దొంతి. దొంతి అయితే జేబుల సుద్దముక్క తీసి గోడ మీద ఒక గీత. నూటయాభై అని వానికి అననీకి రాదు. పదిహేను గీతలంటే తెలుసు. చెక్కపలక మీద పది ముక్కల దగ్గర ఆగిపోయిన మనిషి. పగిలిన కాలు చెయ్యి తాకంగనే చెప్తడు. (మిగతా పోరగాళ్లకు 600, వీనికి 400. దాని మీద ఆ అన్నకు వేరే ఉత్తరం రాస్త.)

అప్పగింతలప్పుడు అందరం ఏడుస్తున్నం. చెల్లె "అన్న ఏడి" అని అడిగితే చూసినం, నువ్వు ఖాళీగున్నవు. హాలు బయటికి ఉరికితే వాడు పట్టు అంగీ చేతులు మోచేతుల మీదికి మడిచి కుర్చీలు దొంతి పెడుతున్నడు. "అయ్యో, సొంత చెల్లె పెళ్లిల పని చేయిస్తున్నరు పాపం" అని పెళ్లికొడుకు మేనత్త మొదలువెట్టింది. వాడు వినలే. హాలు గోడ మీద పధ్నాలుగు గీతలు, పక్కన ఎనిమిది కుర్చీలు. నన్ను చూసి వేళ్లు చూపెట్టిండు. "రెండు లేవక్కా."

చెల్లె కారు దగ్గర ఏడ్చుకుంట నిలబడ్డది. వాడు దాని దగ్గరికి పోయిండు, నెత్తి మీద చెయ్యి పెట్టిండు, "బండొస్తది, తొందరగ" అన్నడు. పెళ్లికారు గాదు, టెంట్‌హౌస్ బండి. అటెనుక లోపలికి పోయి కూలరెనకకెళ్లి నిన్ను ఒంటిచేత్తో ఎత్తుకొచ్చిండు. తొమ్మిది. తిప్పి చూసి, కాళ్లు నొక్కి చూసి, దొంతి మీద పెట్టిండు.

పదోది ఇంకా దొర్కలేదు. వాడు ఆ ఆఖరి గీత గీయలేదు, రోజూ అడుగుతున్నడు. పెళ్లికొచ్చినోళ్లు ఎవరన్న తెల్వక బండ్ల ఏస్కపోతే జర చూడుండ్రి. ఎర్ర కుర్చీ, వీపు మీద పచ్చ పెయింటు, రెండక్షరాలు.

ఇట్లు,
పెళ్లిపిల్ల అక్క,
హనుమకొండ.