‘మా టేబుల్ దగ్గర ఇంతే’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇంటి రూలు గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం, ఒక్క ఫైటరు (కత్తి పట్టే యోధుడి పాత్ర) తప్ప. అతని కత్తి మళ్లీ చేయి జారింది. పుస్తకంలో లేకున్నా ఒక్కో ఆటగుంపు సొంతంగా పెట్టుకునే నియమమే కదా తమరు, ఈ ఉత్తరం దాని గురించే.

తమరి పుట్టుకను మేం తప్పుపట్టడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా, డైస్ వేస్తూ కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అచ్చయ్యేనాటికే తమరు ఆ ఇంటి పెద్ద. డేవ్ ఆర్నెసన్ తన బ్లాక్‌మూర్ ఆట కోసం ‘చైన్‌మెయిల్’ అనే యుద్ధం ఆట రూల్స్‌ని తోచినట్టు మార్చుకుంటూ పోయాడు. తర్వాత గ్యారీ గైగాక్స్ తోడయ్యాడు, ఈ ఆట తయారైంది. ఇరవై ముఖాల డైస్‌తో దెబ్బ కొట్టే పద్ధతి కూడా ఆ తొలి పుస్తకాల్లో ‘ప్రత్యామ్నాయం’ మాత్రమే. అప్పటి అసలు పద్ధతి ఇప్పుడు ఎవరికీ పట్టదు. కాబట్టి వంశం గొప్పదే, నడవడితోనే ఇబ్బంది. తమరు చెప్పాపెట్టకుండా వస్తారు. మూడో సెషన్ మధ్యలో, డైస్ దొర్లి ఆగాక, అందరూ అంకె చూశాక, అప్పుడు తీరిగ్గా లేచి నిలబడతారు.

ముందు తమరి ముద్దుబిడ్డ ఫంబుల్ సంగతి. పుస్తకం ప్రకారం దాడిలో 1 పడితే దెబ్బ తప్పుతుంది, అంతే. తమరి లెక్కలో కత్తి ఎగిరిపోవాలి, విల్లుతాడు తెగాలి, బాణం పక్కవాడి వీపులో దిగాలి. అందరూ నవ్వుతారు, సరే. లెక్క చూద్దాం. మొదటి లెవెల్ ఫైటర్ ఆరు సెకన్ల రౌండులో ఒక్కసారి కొడతాడు. 1 పడే అవకాశం నూటికి 5. పదకొండో లెవెల్‌కి మూడుసార్లు కొడతాడు. ఒక్కసారైనా 1 పడే అవకాశం 14 దాటుతుంది. ఇరవయ్యో లెవెల్‌లో నాలుగు దెబ్బలు, ఇంకో విడత కొట్టనిచ్చే ‘యాక్షన్ సర్జ్’ వాడితే ఎనిమిది. అప్పుడు దాదాపు మూడింట ఒక వంతు. అంటే రాజ్యంలోకెల్లా మేటి వీరుడు నిన్న కత్తి పట్టిన కుర్రాడికంటే ఎక్కువసార్లు కత్తి పారేసుకుంటాడు. ఇక విజార్డ్ (మంత్రగాడు) ఫైర్‌బాల్ అనే మంట మంత్రం వేస్తే అసలు దాడి డైసే వెయ్యడు, తప్పించుకునే డైస్ శత్రువులే వేసుకోవాలి. 8 డైస్ మంట కురిపించినవాడికి ఫంబుల్ లేదు, గొడ్డలి ఊపినవాడికి ఉంది! ఇంత పక్షపాతం చూపించాక ‘సరదాకి’ అంటే ఎలా? ఫంబుల్ లేనిదే నిద్ర పట్టకపోతే, టర్నులో మొదటి దెబ్బకే పరిమితం చెయ్యండి. లెవెల్ పెరిగితే శిక్ష పెరగడం అక్కడితో ఆగుతుంది. విజార్డ్ మాత్రం అప్పుడూ తప్పించుకుంటాడు.

తర్వాత క్రిటికల్, అంటే దాడిలో 20 పడితే తగిలే పెద్ద దెబ్బ. పుస్తకం ప్రకారం డ్యామేజ్ డైస్ రెట్టింపు వేసి, మాడిఫయర్ (డైస్‌కి కలిపే స్థిర అంకె) ఒక్కసారే కలపాలి. రెండు డైస్ మీదా ఒకట్లే పడితే ఉసూరుమంటుందని తమరు ఒక డైస్‌కి పూర్తి అంకె ఇచ్చి రెండోది వేయించారు. మనసు వెన్న. కానీ గోబ్లిన్ అనే చిన్న రాక్షసజీవికీ అదే వర్తిస్తుందని మరిచారు. 2014 పుస్తకంలో గోబ్లిన్ కత్తి దెబ్బ ఒక ఆరు ముఖాల డైస్, దానికి 2 కలపాలి. మొదటి లెవెల్ విజార్డ్‌కి 8 హిట్ పాయింట్లు (ప్రాణబలం) ఉన్నాయనుకోండి. పుస్తకం లెక్కలో ఆ క్రిటికల్‌కి అతను నాలుగోవంతుకు పైగా సార్లు నిలబడి ఉంటాడు. తమరి లెక్కలో కనీస డ్యామేజే 9, పడిపోవడం ఖాయం. గోబ్లిన్ ఎలాగూ ఆ పూటే చస్తుంది, విజార్డ్ మాత్రం రోజూ ఎవరో ఒకరి చేత దెబ్బలు తినాలి. తమరి దయ చివరికి ఎవరి ఖాతాలో పడుతోందో చూసుకోండి.

ఇక 20 పడితే ఏ పనైనా అయిపోతుందనే పుకారు. అది దాడులకే, రాజుగారిని కిరీటం అడిగితే వర్తించదు. 2022 ఆగస్టులో ఆట కంపెనీ దాన్ని ప్రయోగాత్మక రూల్స్‌లో పెట్టి, తర్వాత తీసేసింది. జరగని పనికి అసలు డైస్ ఇవ్వకపోతే సరి.

ఫ్లాంకింగ్ మాత్రం తమరి బిడ్డ కాదు, ఆట నడిపే డీఎం కోసం వచ్చిన 2014 పుస్తకంలోనే ఐచ్ఛికంగా ఉంది, పెంపకం తమరిది. శత్రువుకి అటొకరు ఇటొకరు నిలబడితే రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవచ్చు. సగం సగం అవకాశం ఉన్న దెబ్బ నూటికి 75కి చేరుతుంది. ఇదే సౌకర్యం కోసం బార్బేరియన్ (ఆవేశంతో పోరాడే యోధుడు) తన మీద పడే దెబ్బలకూ అదే వరం ఇచ్చి, ఒళ్లు అప్పగించి కొడతాడు. పక్కకు జరిగితే ఊరికే దొరికేదానికి ఒళ్లెవడు అప్పగిస్తాడు? దాని బదులు +2 ఇస్తే గొడవ సగం తగ్గుతుంది.

అన్నీ తిట్లే కాదు లెండి. వైద్యం పానకం తాగడానికి యాక్షన్ (టర్నులో చేసే ముఖ్యమైన పని) మొత్తం పోవడం అన్యాయమని, బోనస్ యాక్షన్ (పక్కన చేసే చిన్న పని) చాలని తమరు ఏళ్ల తరబడి అన్నారు. 2024 పుస్తకంలో అచ్చంగా అదే అచ్చేశారు. ఆ ఒక్కదానికి నమస్కారం.

మా విన్నపం చిన్నది. క్యారెక్టర్లు తయారుచెయ్యక ముందే ఒక అరఠావు మీద రాసి ఇవ్వండి. ఏ ఎడిషన్, ఏం మార్చారు, రాక్షసులకూ వర్తిస్తుందా, ఏ క్లాసుకి (పాత్ర రకానికి) నష్టం. ఆ కాగితం చూసి బార్బేరియన్ ఎంచుకోవాలా వద్దా ఆటగాడే తేల్చుకుంటాడు. కొత్త మార్పు తోస్తే సెషన్ అయ్యాక చెప్పి, వచ్చే వారం నుంచి అమలు చెయ్యండి. అసలు రూలేమిటో ముందు చదవమని కూడా మనవి. మూల నియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ కింద ఉచితం, పుస్తకం ఖరీదనే సాకు చెల్లదు.

ఇట్లు,
తమరి విధేయుడు,
రూల్స్ లాయరు

తా.క.: నాణేల బరువు లెక్కించక్కర్లేదని తమరు ఎప్పుడో కొట్టేసిన రూలు ఇంకా పుస్తకంలోనే ఉంది. 50 నాణేలు ఒక పౌను. స్ట్రెంత్ 8 ఉన్నవాడు మోయగలిగేది 120 పౌన్లు. మన విజార్డ్ సంచిలో 10,000 బంగారు నాణేలున్నాయి, అంటే 200 పౌన్లు. ఈ రూలు జోలికి మాత్రం మేం రాం, వాటాలు ఇంకా పంచుకోలేదు.