పెద్దాసుపత్రికి రాసి పంపేముందు ఆక్సిజన్ పెట్టండి

“ఇక్కడ న్యూరో సర్జన్ లేరు, హైదరాబాద్ తీసుకెళ్లండి.” యాక్సిడెంటులో తలకు దెబ్బ తగిలిన మనిషి ఇంటివాళ్లు చిన్న ఊళ్లలో తరచూ వినే మాట ఇది. న్యూరో సర్జన్ ప్రతి ఊళ్లోనూ ఉండరు, నిజమే. పంపడం తప్పని నేనెప్పుడూ అనను. ఎలా పంపుతున్నామన్నదే నా బాధ, కోపమూనూ.

నేను హైవే పక్క ఊళ్లో క్యాజువాలిటీ నర్సుని. బయట చిన్న ఆసుపత్రుల నుంచి మాకు కేసులు ఎలా వస్తాయో చెప్తాను. మనిషి కారు వెనక సీట్లో వెల్లకిలా పడి ఉంటాడు. తలకి శుభ్రంగా కట్టు ఉంటుంది. నోట్లో మాత్రం రక్తం, వాంతి, ఊపిరి తీస్తుంటే గురగుర చప్పుడు. ఆక్సిజన్ ఉండదు. సెలైన్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. తమ్ముడి చేతిలో ఒక తెల్ల కాగితం, దాని మీద ‘హెడ్ ఇంజ్యూరీ, హయ్యర్ సెంటర్‌కి రిఫర్’ అని రెండు ముక్కలు. బీపీ ఎంత, స్పృహ ఎంత, ఏ మందు ఎప్పుడిచ్చారు, ఏమీ ఉండవు. ఆ స్థితిలో గంటసేపు ప్రయాణం చేసి వచ్చిన మనిషికి మేము మొదట చేసేది నోరు సక్షన్ చేసి, అంటే గొట్టంతో రక్తం, వాంతి లాగేసి, గాలి ఆడేలా చూడటం. ఆ పని బయల్దేరిన చోటే జరగాలి. దానికి న్యూరో సర్జన్ అక్కర్లేదు.

మెదడుకి దెబ్బ రెండుసార్లు తగులుతుంది. మొదటిది రోడ్డు మీద, ఆ క్షణంలో. అది జరిగిపోయాక ఏ డాక్టరూ వెనక్కి తిప్పలేడు. రెండోది తర్వాతి గంటల్లో, ఆక్సిజన్ అందక, బీపీ పడిపోయి, లోపల వాపూ రక్తమూ పెరిగి. తీవ్రమైన దెబ్బ తగిలిన మనిషికి పై బీపీ 90 కంటే కిందికి ఒక్కసారి పడినా చనిపోయే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని 1993లోనే పరిశోధనలు తేల్చాయి. అంటే కాలు విరిగో, కడుపులో దెబ్బ తగిలో కారిపోతున్న రక్తాన్ని ఆపడం కూడా తలకి వైద్యమే. స్పృహని 3 నుంచి 15 దాకా మార్కులేసి చూసే గ్లాస్గో స్కేలు 1974 నుంచీ ఉంది. 8 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నవాడు తన ఊపిరిని తాను కాపాడుకోలేడు, గొంతులో ట్యూబు వేసి పంపాలి. అది చేతకాకపోతే కనీసం దవడ ముందుకెత్తి, సక్షన్ చేసి, ఆక్సిజన్ మాస్క్ పెట్టి, మెడ కదలకుండా కాలర్ వేసి, తోడుగా ఒక నర్సుని పంపండి. పంపేముందు అవతలి ఆసుపత్రికి ఒక్క ఫోన్ చేయండి. ఆ ఫోన్ వస్తే మేము సీటీ స్కాన్ దగ్గర మా మనిషిని నిలబెడతాం, ఆపరేషన్ థియేటర్‌కి కబురు చేస్తాం. రాకపోతే ఆ పనులన్నీ మీ పేషెంటు స్ట్రెచర్ మీద ఉండగా మొదలవుతాయి.

ఇంకో మాట, ఇది మా వాళ్లకే. మందు వాసన వస్తోంది కదా అని “తాగి పడ్డాడు, దిగాక లేస్తాడులే” అని మూలన పడుకోబెట్టకండి. తాగినవాడికీ మెదడులో రక్తం కడుతుంది. మత్తు దిగే వేళకి తెలివి పెరగాలి. పెరగకపోతే, తగ్గుతూ పోతే, అది మందు కాదు. అసలు తెల్లారేదాకా ఆగడం ఎందుకు, సీటీ తీయండి.

ఇళ్లల్లోవాళ్లు కూడా వినాలి. బండి మీంచి పడి, కాసేపు తెలివి తప్పి, లేచి చక్కగా మాట్లాడి, “కుట్లు వేసి పంపించండి, పనుంది” అని వెళ్లిపోయేవాళ్లుంటారు. కణత దగ్గర ఎముక పగిలితే దాని లోపలి రక్తనాళం తెగి, పుర్రెకీ మెదడు పైపొరకీ మధ్య రక్తం చేరుతూ ఉంటుంది. అది నిండేదాకా మనిషి మామూలుగానే ఉండొచ్చు. సమయానికి పుర్రె తెరిచి ఆ గడ్డ తీసేస్తే నడుచుకుంటూ ఇంటికెళ్లేది సరిగ్గా ఇలాంటి పేషెంట్లే. అందుకే వాళ్లు పోయినప్పుడు నాకు తట్టుకోవడం కష్టం. పదేపదే వాంతులు, ఎక్కువవుతున్న తలనొప్పి, లేపినా లేవని మగత, ఫిట్స్, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, చెవిలోంచో ముక్కులోంచో నీళ్లలా కారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా సరే తీసుకురండి. అలసిపోయి నిద్రపోతున్నాడనుకోకండి.

రోడ్డు మీద చూసినవాళ్లు భయపడి ఆగరు. పోలీసు కేసవుతుందని, కోర్టు చుట్టూ తిరగాలని. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 134ఏ సెక్షన్ మీకు రక్షణ, మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టకూడదు. మీ పేరు కూడా చెప్పక్కర్లేదు. యాక్సిడెంటు కేసైనా ముందు వైద్యం చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 108కి ఫోన్ చేయండి. నోట్లో నీళ్లు పోయకండి. చేతులూ కాళ్లూ పట్టుకుని వేలాడదీసి ఆటోలో వేయకండి, మెడ విరిగి ఉండొచ్చు.

ఇక హెల్మెట్. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే, అందులో 50,029 మంది హెల్మెట్ లేకుండా బండి మీద వెళ్లినవాళ్లు. వీళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. భర్త తలకి హెల్మెట్ ఉంటుంది, వెనక ఒక పక్కకి కూర్చున్న భార్యకి ఉండదు, మధ్యలో పిల్లకి ఉండదు. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలని చట్టం చెప్తోంది. హెల్మెట్ వల్ల తలకి గాయమయ్యే ముప్పు 69 శాతం, చావు ముప్పు 42 శాతం తగ్గుతాయని ఎన్నో పరిశోధనల్ని కలిపి చూసి తేల్చారు. అయితే గడ్డం కింద బెల్టు పెట్టుకుంటేనే. బెల్టు పెట్టని హెల్మెట్ మనిషి కంటే ముందే ఎగిరిపోతుంది. 2021 సెప్టెంబరులో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర బండి జారి పడ్డ సాయి ధరమ్ తేజ్ రోజుల తరబడి కోమాలో ఉండి బతికి బయటపడ్డాడు. తనని కాపాడింది హెల్మెట్టేనని ఆయన ఎన్నో సభల్లో చెప్పాడు. ఐఎస్ఐ మార్కు చూసి కొనండి. చలాన్ తప్పించుకోవడానికి కొన్న టోపీలాంటి వాటిని నేను ముక్కలుగా చూశాను.

డబ్బు లేదని ఆలస్యం చేసేవాళ్ల కోసం ఇంకొకటి. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదాల బాధితులకి గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో 7 రోజుల దాకా, 1.5 లక్షల రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం చేయించే కేంద్ర పథకం ఉంది. అడగండి. గట్టిగా అడగండి.

ఈ వారం మీ ఊళ్లో ఆసుపత్రికి వెళ్లి మూడే ప్రశ్నలు వేయండి. రాత్రి రెండింటికి సీటీ తీస్తారా? ట్యూబు వేయగల డాక్టరు డ్యూటీలో ఉంటారా? వేరే చోటికి పంపేటప్పుడు ముందు ఫోన్ చేస్తారా? ఊరి పేరు, వాళ్లిచ్చిన జవాబు కింద రాయండి. జిల్లాల వారీగా జాబితా చేసి కలెక్టర్లకీ, ఎమ్మెల్యేలకీ పంపుతాను.