సవరణ: రెయిడ్ 5లో రెండు డ్రైవ్‌లు పోతే డేటా దక్కదు

వరంగల్, హనుమకొండ ఫొటో స్టూడియోల వాళ్ల కోసం పెళ్లి వీడియోల స్టోరేజీ మీద నేను పెట్టిన పోస్టులో, ఎనిమిది డ్రైవ్‌లను ఒకే రెయిడ్ 5 గ్రూపుగా (ఒక డ్రైవ్ పోయినా డేటా నిలిచేలా డ్రైవ్‌లన్నిటినీ కలిపి వాడే పద్ధతి) చేసి హాట్ స్పేర్ (సిద్ధంగా ఉంచే అదనపు డ్రైవ్) పెట్టుకుంటే, ఒకేసారి రెండు పోయినా ఫర్వాలేదని రాశాను. అది తప్పు. డ్రైవ్‌ల గ్రూపును నడిపే కంట్రోలర్ మాన్యువల్ చూశాక, ఒక సర్వీస్ ఇంజినీరును అడిగాక దిద్దుతున్నాను.

రెయిడ్ 5 ఒక్క డ్రైవ్ పోతేనే తట్టుకుంటుంది. హాట్ స్పేర్ చేసేదల్లా పాడైన దాని స్థానంలోకి వచ్చి, వెంటనే రీబిల్డ్ (పోయిన డ్రైవ్‌లోని డేటాను మిగతా వాటి నుంచి మళ్లీ తయారు చేయడం) మొదలయ్యేలా చూడటమే. అది పూర్తయ్యేలోపు ఇంకో డ్రైవ్ పోతే గ్రూపు మొత్తం పోయినట్టే. పెద్ద డ్రైవ్‌లైతే రీబిల్డ్ గంటల తరబడి నడుస్తుంది, మిగతా డ్రైవ్‌లన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా చదవాల్సి వస్తుంది. అసలు టెన్షన్ అప్పుడే.

రెండు పోయినా నిలవాలంటే రెయిడ్ 6 కావాలి. 4 టీబీ డ్రైవ్‌లు ఎనిమిదైతే రెయిడ్ 5లో 28 టీబీ, రెయిడ్ 6లో 24 టీబీ వస్తుంది. నా మాటైతే, పెళ్లి వీడియోలకు ఆ 4 టీబీ వదులుకోవడమే మంచిది.

నా పోస్టు చూసి ఇప్పటికే రెయిడ్ 5 పెట్టుకున్నవాళ్లు గ్రూపు మార్చే ముందు అన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.