ఇక్కత్ అడిగితే ప్రింటు చీర పంపుతారా?

ఆన్‌లైన్‌లో చిన్న చీరల షాపు నడిపేవాళ్లకి అమ్మడం కంటే పెద్ద టెన్షన్, నమ్మకంగా సరుకిచ్చే మనిషి దొరకడం. వాట్సాప్ గ్రూపుల నిండా "డైరెక్ట్ వీవర్ ప్రైస్" అని రాసుకునేవాళ్లే, మగ్గం మీద ఉన్న చీర వీడియో ఒక్కటి పంపమంటే మాత్రం రిప్లై ఉండదు.

పోచంపల్లి ఇక్కత్‌కి జీఐ గుర్తింపు (ఆ ప్రాంతంలో తయారైన సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే గుర్తింపు) ఉంది కదా, ఆ పేరు పెట్టి ఏదైనా అమ్మేయొచ్చా? ఇక్కత్‌లో ముందు నూలుకి ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాతే నేస్తారు, అందుకే డిజైను చీరకి రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. నాకొచ్చిన పార్సిల్‌లో చీర తిరగేస్తే వెనకంతా వెలిసిపోయినట్టుంది. శుద్ధ ప్రింటు! ఫోన్ చేస్తే "ఈ రేటుకి ఇదే వస్తుంది మేడమ్" అన్నాడు. మరి ఫొటోలో చూపించిన చీర ఎవరిది?

అసలు సరుకు ఉన్నవాళ్లేమో కట్టలకి కట్టలు తీసుకోవాలి, డబ్బు ముందే వేయాలి, వాపసు లేదు అంటారు. రంగుకి ఒకటి చొప్పున తీసుకునే నాలాంటివాళ్లం ఎక్కడికి పోవాలి? జీఎస్టీ బిల్లు అడిగితే రేటు పెరిగిపోతుంది. స్టాకు ఉందని చెప్పి, నేను కస్టమర్ దగ్గర డబ్బు తీసుకున్నాక "అయిపోయింది" అంటారు. తిట్లు తినేది నేను, పేరు పోయేది నేతన్నది.

ప్రింటు అమ్ముకోండి, తప్పులేదు. ప్రింటు అని రాసి అమ్మండి.