జావాకు రోడ్‌కింగ్ సైలెన్సర్లు: ఒక ధర్మసందేహం

దేశంలో చర్చించవలసిన విషయాలు చాలా ఉన్నాయని నాకు తెలుసు. ధరలకూ, వానలకూ, ఎన్నికలకూ తగిన పెద్దలు ఎప్పటినుంచో ఉన్నారు. ఎవరూ పట్టించుకోని విషయం ఒకటి మాత్రం ఏడాదిగా నా మనస్సును తొలుస్తోంది. 1960ల నాటి జావా మోటారు సైకిలుకు, అదే కర్మాగారం నుంచి 1978లో బజారుకొచ్చిన యెజ్డీ రోడ్‌కింగ్ అనే బండి సైలెన్సర్లు తగిలించవచ్చునా, తగిలిస్తే ఆ బండిని ఇంకా జావా అనవచ్చునా, అనకూడదంటే మరేమనాలి, ఆ పని చేసిన యజమానిని నలుగురి మధ్య కూర్చోనివ్వవచ్చునా అన్నదే ఆ విషయం. ఆ యజమానిని నేనే కాబట్టి చివరి ప్రశ్నకు జవాబు నాకు ముందే తెలుసు. కూర్చోనివ్వరు.

అసలు సైలెన్సర్ అన్న పేరులోనే చిక్కుంది. పేరు శాంతమ్మ, నోరు విప్పితే రణరంగం అన్నట్టు, శబ్దాన్ని అణచడానికి పుట్టిన ఈ వస్తువును మనవాళ్ళు శబ్దం విని మరీ కొంటారు. కొట్టువాడు కూడా అది ఎంత శబ్దం తగ్గిస్తుందో చెప్పడు, ఎన్ని వీధుల అవతలికి వినిపిస్తుందో చెబుతాడు. ప్రభుత్వం ఆ మాటకు నిఘంటువు అర్థమే తీసుకోవడం వల్ల పోలీసులు అప్పుడప్పుడు పట్టుబడిన సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పేర్చి వాటిపైకి రోడ్డు రోలరు ఎక్కిస్తుంటారు. పేపర్లో ఆ ఫొటో పడిన రోజున, అందులో పాతకాలపు జత ఒకటైనా నలిగిపోయిందేమోనని భూతద్దం పెట్టి వెతికే మనుషులు ఉన్నారు. వాళ్ళను నేనెరుగుదును, వాళ్ళ ఇళ్ళలో భోంచేశాను కూడా.

నా బండి మా నాన్నగారు 1968లో కొన్నది. చెర్రీ పండు రంగు, టాంకుకు రెండు వైపులా మోకాళ్ళు ఆనించుకునే రబ్బరు దిండ్లు, మేకును పోలిన తాళంచెవి. ఆ చెవి పోయినప్పుడు నిజంగానే మేకుతో బండి తీసిన వారిని మా పేటలో చూశాను. కిక్కు కొట్టే కడ్డీనే ముందుకు తిప్పితే గేరు కడ్డీ అవుతుంది, గేరు మార్చేటప్పుడు క్లచ్చు దానంతటదే విడుతుంది. వీటన్నిటికన్నా చిత్రం ఏమిటంటే, ఇంజనుకు సిలిండరు ఒక్కటే అయినా పొగ పోయే దారులు రెండు, దారికొక గొట్టం, గొట్టానికొక సైలెన్సర్. ఒక్క మూతికి రెండు మీసాలన్నమాట. చూసినవారు ఇది రెండు సిలిండర్ల బండి అనుకుంటారు. మా నాన్నగారు జీవితంలో అబద్ధం ఆడలేదుగానీ, ఆ అపోహను మాత్రం ఎన్నడూ సవరించలేదు.

టూ స్ట్రోక్ ఇంజను పెట్రోలుతో పాటు ఆయిలును కూడా తాగుతుంది. కాలగా మిగిలిన ఆయిలు మసిగా మారి సైలెన్సర్ కడుపులో పేరుకుంటుంది, చల్లారిన పొగలోని తడి దానికి తోడవుతుంది. అందుచేత సైలెన్సర్ పైకి నిగనిగలాడుతూనే లోపలినుంచి తుప్పు పడుతుంది. మా నాన్నగారు ఏడాదికోసారి వాటిని ఊడదీసి, కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెట్టి, పెరట్లో కడిగేవారు. ఆ రోజు పెరటి వైపు అమ్మ వచ్చేది కాదు. నా హయాంలో ఈ వ్రతం తప్పింది. ఫలితంగా ఒక ఉదయం ఎడమ సైలెన్సర్ అడుగున చిటికెన వేలు దూరేంత కంత కనిపించింది. దానికి ఎంసీల్ పూశాను. వారం తిరక్కుండా పూత ఊడి, కంతలో బొటనవేలు పట్టింది. కుడివైపుది కూడా అన్నగారి బాటే పట్టింది.

ఇక్కడి నుంచి పాఠకులు నన్ను క్షమాగుణంతో చదవాలి. అసలు జావా సైలెన్సర్లు దొరకవు. దొరికితే అవి అసలువి కావు. జావాలకు చేపతోక ఆకారంలో ఉన్నవి ఒక రకం, చుట్ట ఆకారంలో ఉన్నవి ఇంకొక రకం వచ్చేవి. ఏ సంవత్సరపు బండికి ఏది న్యాయమైనదన్న వాదం శైవ వైష్ణవ వాదాలంత వేడిగా సాగుతుంది. బజారులో కొత్తగా చేసి అమ్మే నకళ్ళు రేకు పలచన, మెరుగు ఎక్కువ. మొదటి వానాకాలానికే క్రోము పొక్కులెక్కుతుంది. ఆరు నెలలు వెతికిన తరువాత విజయవాడ ఆటోనగర్‌లోని ఒక పాత ఇనప సామాన్ల కొట్టులో, లారీ స్ప్రింగు పట్టీల గుట్ట కింద నాకు రోడ్‌కింగ్ సైలెన్సర్ల జత కనబడింది. అసలుది, మందపు రేకుది. కుడి దానికి తోక దగ్గర అరచేతి వెడల్పు సొట్ట తప్ప మరే లోపమూ లేదు. కొట్టువాడు వాటిని తూకానికి అమ్మాడు. చరిత్రను కిలోల లెక్కన కొన్న అనుభూతి నాకు అదే మొదటిసారి.

మెకానిక్ బాబాయి వయస్సు డెబ్భై దాటింది. ఆయన ముందు రెండు జతలనూ పక్కపక్కన పెట్టి, నాలో నాకే తగవుగా ఉన్న సంగతి వినయంగా విన్నవించాను.

"బాబాయ్ గారూ, ఇది రోడ్‌కింగ్‌ది, దీన్ని జావాకు తగిలించాలి. తప్పేమైనా ఉందంటారా?"

"రెండింటికీ బోరు అరవై అయిదు, స్ట్రోకు డెబ్భై అయిదు బాబూ. ఒక తల్లి పిల్లలే. అన్న చొక్కా తమ్ముడు వేసుకుంటే పోలీసు కేసు పెడతారా?" అన్నాడాయన. బోరంటే సిలిండరు లోపలి వెడల్పు, స్ట్రోకంటే అందులో పిస్టను నడిచే దూరం, రెండూ మిల్లీమీటర్లలో.

అయితే అన్న చొక్కా తమ్ముడికి సరిపోలేదు. సిలిండరుకు బిగించే మరల రింగును ఉలీ సుత్తీ పెట్టి కొట్టి వదులు చేయడానికే మధ్యాహ్నమైంది. దానికి కొక్కెం స్పానరు వేరే ఉంటుంది, కానీ ఆటోనగర్‌లో ఉలి ఉండగా స్పానరు అడిగేవాడిని అనుమానంగా చూస్తారు. వంపు గొట్టం కొసకూ కొత్త సైలెన్సర్ మూతికీ పొందిక కుదరలేదు. బాబాయి మూతిని ఒకచోట నిలువుగా కోసి, వెడల్పు చేసి, ఆస్బెస్టాస్ తాడు చుట్టి క్లాంపు బిగించాడు. వెనక తగిలించే చోట బోల్టుకూ బెజ్జానికీ మధ్య రెండు వేళ్ళ ఎడం తేలింది. ఆ ఎడాన్ని పూడ్చడానికి రోడ్‌కింగ్ సైలెన్సర్ చెవులను కోసేసి, ఇనప పట్టీ ముక్కను గ్యాసు వెల్డింగుతో అతికాడు. ఎండలో నీలం మంట కనిపించీ కనిపించకుండా ఉంది. పట్టీ ఎర్రబడి, నారింజ రంగుకు తిరిగి, నీళ్ళ డబ్బాలో మునిగి చుయ్యిమన్నప్పుడు నాకు ఎందుకో చెవులు కుట్టించిన రోజు గుర్తుకొచ్చింది.

బండి తీశాను. శబ్దం మారింది. మా నాన్నగారి జావా టంగు టంగుమని పూజ గంటలా మోగేది. ఇప్పుడది గొంతు మారుతున్న మగపిల్లవాడిలా కాసేపు సన్నగా, కాసేపు బొంగురుగా పలికింది. ఇంతకన్నా గంభీరమైన విషయం వారం తరువాత బయటపడింది. టూ స్ట్రోక్ ఇంజనులో పొగ ద్వారానికి వాల్వు ఉండదు. తలుపు లేని ఇల్లది. కాలిన పొగతో పాటు కాలని పెట్రోలు కూడా బయటికి జారుకుంటుంది. గొట్టంలోకి దూసుకుపోయిన పొగ తాకిడి, సైలెన్సర్ లోపలి ఆకారానికి తగిలి అలలా వెనక్కి వచ్చి, ఆ జారుకునే పెట్రోలును సరిగ్గా పిస్టను వచ్చి ద్వారాన్ని మూసే వేళకు లోపలికి నెడితే ఇంజనుకు ఊపు వస్తుంది. ఆ అల ముందొచ్చినా, వెనకొచ్చినా దండగ. అంటే సైలెన్సర్ బండికి వేలాడే నగ కానే కాదు, ఇంజనులో బయటికి పొడుచుకొచ్చిన సగం. నేను పన్నెండు గుర్రాల ఇంజనుకు పదహారు గుర్రాల ఇంజను ఊపిరితిత్తులు పెట్టాను. మూడో గేరులో ఒక వేగం దగ్గర బండి ఏదో మరిచిపోయినట్టు ఆగి, ఆలోచించి, మళ్ళీ గుర్తుకు తెచ్చుకుని పరుగెత్తుతోంది. నా వయస్సు వారికి ఇది వింతగా అనిపించదు కనుక నేను సర్దుకుపోయాను.

సర్దుకుపోనిది స్వచ్ఛతావాదులు. వారి వాదం సూటిగా ఉంటుంది: జావా జావాగానే ఉండాలి. ఆ మాట విన్నప్పటి నుంచి జావా అంటే ఏమిటా అని నేను లోతుగా విచారించాను. 1929లో ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే చెక్ దేశస్థుడు జర్మనీ వారి వాండరర్ మోటారు సైకిలు తయారీ హక్కులు కొని, ఇంగ్లీషు లిపిలో తన పేరులోని తొలి రెండక్షరాలు (Ja), వారి పేరులోని తొలి రెండక్షరాలు (Wa) కలిపి జావా అన్నాడు. అంటే ఆ పేరే అతుకు. ఆ చెక్ బండిని 1961 నుంచి మైసూరులో పార్సీ కుటుంబం వారి కర్మాగారంలో తయారు చేశారు. డెబ్భైలలో జావా పేరు వదులుకుని, ఇరాన్‌లోని యజ్ద్ నగరం పేరిట యెజ్డీ అన్నారు. కర్మాగారం 1996లో మూతపడింది. 2018లో అదే పేరుతో కొత్త జావాలు వచ్చినప్పుడు, ఇంజను ఫోర్ స్ట్రోక్‌కు మారినా, ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్ల ఆచారాన్ని మాత్రం వదలలేదు. చెక్ తండ్రి, జర్మన్ తల్లి, పార్సీ పెంపకం, కన్నడ దేశపు పుట్టుక, ఇరానీ ఇంటిపేరు కలిగిన ఈ బండికి నేను చేసిన అపచారమల్లా, మైసూరులో అదే చూరు కింద పుట్టిన రెండు గొట్టాలు తగిలించడం. దీన్ని సంకరం అంటున్నారు.

వారు చట్టాన్ని కూడా నా మీదికి తెచ్చారు. కేంద్రం 2021 జూలైలో పాత బండ్లకు ప్రత్యేక నిబంధనలు చేసింది. మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్‌లోనూ బాడీలోనూ ఇంజనులోనూ చెప్పుకోదగ్గ మార్పు లేకపోతే వింటేజ్ గుర్తింపు ఇస్తారు, నంబరు ప్లేటు మీద వీఏ అన్న అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు. ఆ గుర్తింపు పొందిన బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకూ, ర్యాలీకీ, పెట్రోలు పోయించడానికీ, మరమ్మతుకూ వెళ్ళవచ్చు. జావా యజమాని బతుకంతా ఈ చివరి రెండు పనులే కాబట్టి ఈ నిబంధనలు రాసినవారు స్వయంగా పాత బండి నడిపినవారై ఉంటారని నా నమ్మకం. "అసలు రూపం" అన్న మాటలో సైలెన్సర్ ఉన్నదా లేదా అన్నది మాత్రం తేలలేదు. నా ఆర్సీ తీసి చూశాను. ఇంజను నంబరుంది, ఛాసిస్ నంబరుంది, రంగుంది, సైలెన్సర్ ఊసే లేదు. ఈ మౌనాన్ని అంగీకారంగా తీసుకున్నాను. ఒక్క సైలెన్సర్ విషయంలోనైనా మౌనం దొరికిందని సంతోషించాను.

ఏటా జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ బండ్లవారు ఊరూరా కలుసుకుంటారు. నేను బండిని గోడకు ఆనించి, సైలెన్సర్ల వైపు రెయిన్‌కోటు ఆరేసినట్టు వేలాడదీసి, వాన లేని ఆ ఉదయాన దూరంగా నిలబడి టీ తాగుతున్నాను. రోడ్‌కింగ్ మీద వచ్చిన పెద్దమనిషి ఒకరు తిన్నగా నా బండి దగ్గరికి నడిచి, కోటు ఎత్తి, వంగి, కుడి సైలెన్సర్ తోకను వేళ్ళతో తడిమారు.

"ఈ సొట్ట నాదండీ," అన్నారు.

ఆయన బండి వైపు చూశాను. ఆ రోడ్‌కింగ్‌కు అటూ ఇటూ రెండు జావా చుట్టలు, నల్లటి రేకు మీద కొత్త క్రోముతో, మా నాన్నగారి నాటివాటిలాగే మెరుస్తున్నాయి. జావా శబ్దం మీద మోజుతో నాలుగేళ్ళ కిందట మార్పించానని, పాతవి ఇనప కొట్టుకు వేశానని, అప్పటి నుంచి తనను కూడా ఎవరూ దగ్గరికి రానివ్వడం లేదని ఆయన చెప్పుకొచ్చారు. ఇద్దరమూ చాలాసేపు మాట్లాడుకోలేదు. తరువాత ఒకేసారి నవ్వాము. మర్నాడు పొద్దున్నే రెండు బండ్లూ ఆటోనగర్ చేరాయి.

బాబాయి రెండు జతలనూ ఊడదీసి బెంచీ మీద పెట్టి, కళ్ళజోడు సవరించుకుని చూశాడు.

"ఆయన జతకు చెవులు కోసింది నేనే, మీ జతకు మూతి కోసింది నేనే. ఇప్పుడివి దేని బండికి దానికి పట్టవు బాబూ. మళ్ళీ పట్టీలు వెయ్యాలి. ఒక్కొక్కరికి క్రితంసారి తీసుకున్నదే ఇప్పించండి," అని గ్యాసు టాపు తిప్పాడు.