స్మాల్ రైఫిల్ ప్రైమర్ గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

తూటా అడుగున కూర్చుని, తుపాకీ పిన్ను దెబ్బకు నిప్పు పుట్టించి లోపలి తుపాకీ మందును అంటించే చిట్టి గిన్నె తమరు. మీరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ టెక్సాస్‌లో మేమూ క్షేమమే. మీరు చాలాసార్లు పేలలేదు గనక.

2020లో కరోనా, ఎన్నికలు ఒకేసారి వచ్చిపడి అమెరికా అంతా తుపాకీ షాపుల్లో అరలు ఖాళీ అయ్యాయి. 30, 40 డాలర్లకు వచ్చే వెయ్యి స్మాల్ పిస్టల్ ప్రైమర్లు చేతులు మారేసరికి వంద దాటాయి. ఇంట్లో తూటాలు తయారుచేసుకునే రీలోడర్లు గగ్గోలు పెట్టారు. అప్పుడు ఎక్కడో మూలన కూర్చున్న మిమ్మల్ని పట్టుకొచ్చి, "సైజు ఒకటే కదా, సరిపోతుందిలే" అని స్మాల్ పిస్టల్ ప్రైమర్ ఉండాల్సిన 9 ఎం.ఎం. పిస్టల్ తూటా కేసులో (ఇత్తడి గొట్టంలో) కూర్చోబెట్టారు.

సైజు నిజంగానే ఒకటే. అడ్డం 0.175 అంగుళాలు, ఎత్తులో కూడా ఇద్దరూ దాదాపు సమానమే. ఒడ్డూ పొడుగూ చూసి సంబంధం ఖాయం చేసేశారు, మీ స్వభావం ఎవరూ అడగలేదు.

మీ తోలు మందం. ఇది తిట్టు కాదండీ, స్పెసిఫికేషన్. .223 రైఫిల్ తూటాలో ఒత్తిడి 55,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా పోతుంది, 9 ఎం.ఎం.లో 35,000. అంత ఒత్తిడికి చిల్లు పడకుండా మీ రేకు గట్టిగా చేశారు. మా పోటీ షూటర్లేమో ట్రిగ్గర్ వెన్నలా ఉండాలని స్ప్రింగుల బిగువు తగ్గించుకుని, మెత్తటి రేకు అని ఫెడరల్ కంపెనీ ప్రైమర్లే కావాలని పట్టుబట్టే రకం. ఆ నీరసపు దెబ్బకు మీరు లేస్తారా? టక్. అంతే. తుపాకీ మూతి టార్గెట్ వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగి, తూటా బయటికి తీస్తే అడుగున సన్నటి చొట్ట. రెండో దెబ్బకు పేలితే ఇంకో గొడవ: మొదటి దెబ్బ మిమ్మల్ని లోపలికి సరిగ్గా కూర్చోబెట్టడానికే సరిపోయిందన్నమాట. తూటా తయారుచేసేటప్పుడు మిమ్మల్ని కేసులోకి నొక్కే ప్రెస్ హ్యాండిల్ మీద ఇంకాస్త బలం పెట్టి ఉంటే పోయేది.

పైగా చాలా బ్రాండ్లలో మీ మంట కూడా ఎక్కువ. ప్రైమర్ మారితే మందు తగ్గించి మళ్లీ కింది నుంచి మొదలుపెట్టమని లోడింగ్ మాన్యువల్ మొత్తుకుంటుంది. దాన్ని చదివేంత ఓపిక ఉన్నవాడు ప్రైమర్ కోసం అంత కంగారు పడడు లెండి.

తప్పంతా మీదే అనను. .454 కాసుల్ రివాల్వర్ తూటా మీ కోసమే కట్టింది. ఒత్తిడి పెంచి 9 ఎం.ఎం. మేజర్ లోడ్లు (పోటీల్లో ఎక్కువ శక్తి తరగతికి లెక్కయ్యే తూటాలు) చేసే పోటీదారుల్లో కొందరు మిమ్మల్నే కావాలని ఏరుకుంటారు. వాళ్లు తుపాకీ స్ప్రింగు చూసుకుని, పాతిక తూటాలు కొట్టి చూసి మరీ పిలుస్తారు. మిమ్మల్ని పిలిచే పద్ధతి అదీ.

మీ స్థానంలోకి పిస్టల్ ప్రైమర్‌ని పంపే మహానుభావులూ ఉన్నారు. .223లో ఆ పల్చటి రేకు చిల్లు పడితే వేడి గ్యాస్ తూటా వెనక మూతలా ఉండే బోల్టు వైపు వెనక్కి తంతుంది. వాళ్లకు విడిగా రాస్తాను, ఈ లోగా కళ్లద్దాలు తీయొద్దని చెప్పండి.

ఇట్లు,
మీ డబ్బాల మీద పేరు చదివే అలవాటున్నవాడు

తా.క.: మీ అన్నగారు లార్జ్ రైఫిల్ ప్రైమర్‌ని .45 పిస్టల్ తూటా వైపు రావొద్దనండి. లార్జ్ పిస్టల్ ప్రైమర్ కన్నా ఎత్తు ఎక్కువ, కేసు అడుగు నుంచి బయటికి పొడుచుకొస్తారు. పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ కదిలే స్లైడ్ మూసుకుంటూ తగిలితే, ట్రిగ్గర్ మీద వేలు లేకుండానే పేలే ప్రమాదం ఉంది.