ఎర్రచీమ విషం గారికి ఒక మామిడి రైతు రాయునది

గౌరవనీయులైన విషం గారికి నమస్కారం.

నిన్న మధ్యాహ్నం పల్ప్ ఫ్యాక్టరీ గేటు బయట తోతాపురి ట్రాక్టర్ల క్యూలో "ఇంకో అర్ధగంటే అన్నా" అన్న మాట నమ్మి, చింతచెట్టు కింద చెప్పులిడిచి కూర్చున్నది నేనే. నా ఎడమ పాదం తమరికి గుర్తుండే ఉంటది. పొద్దు గుంకినా టోకెన్ రాలేదు, కాయ రేటు సంగతి ఇక్కడ ఎత్తను, నాకు బీపీ ఉంది.

అసలు ఆ కుట్టే పద్ధతేందండీ? దవడల్తో చర్మం గట్టిగా పట్టుకోవడం, అక్కడే గుండ్రంగా తిరుగుతా వరసగా పొడవడం, తేనెటీగ ఒకసారి కుట్టి తనే చచ్చిపోతది పాపం, తమరికి ఆ మొహమాటం కూడా లేదు. శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు కదా, శ్రీకాళహస్తి మాకు పక్కనే, పోయి ఆర్డర్ కాపీ అడగమంటారా?

టీ అంగడి అక్క పరిగెత్తుకొచ్చి సున్నం పూసింది, వెనక ట్రాక్టర్ మామ సోడా ఉప్పు అన్నాడు, ఇంకో పిల్లోడు టూత్‌పేస్ట్ అన్నాడు. చీమంటే యాసిడ్ అని అందరి నమ్మకం. మామిడి కొమ్మల్లో ఆకులు కుట్టి గూడు కట్టే మీ చుట్టాల విషయంలో అది నిజమే, వాళ్ళకి ముల్లు లేదు, కొరికి ఆ గాటు మీద ఫార్మిక్ యాసిడ్ చల్లుతారు, మండి కాసేపటికి పోతది. చెట్టు మీద పురుగుల్ని తింటారు కాబట్టి మేమూ సర్దుకుపోతాం. ఒడిశా మయూర్‌భంజ్ వాళ్ళయితే వాళ్ళని చట్నీ నూరుకుని 2024లో జీఐ ట్యాగే తెచ్చుకున్నారు. తమరు ఫైర్ యాంట్ అనే వేరే రకం చీమ విషం కదా, దాదాపు 95 శాతం ఆల్కలాయిడ్లే, అంటే యాసిడ్ కాదు, క్షార గుణమున్న రసాయనాలు, పేరు సోలెనాప్సిన్లంట, నీళ్ళలో కరగవు, సున్నానికి లొంగవు. తెల్లారేసరికి తెల్ల పొక్కులు. మిగిలిన ఆ చిటికెడులో ప్రొటీన్లు, కొందరికి ఒళ్ళంతా దద్దుర్లొచ్చి ఊపిరాడక ఆస్పత్రికి పరిగెత్తాల్సొచ్చేది వాటి పుణ్యమే.

సరే, ఇదంతా వదిలేస్తా. రాత్రి నిద్రపట్టక పొక్కులు గోక్కుంటా ఫోన్లో నీ గురించి చదివినా చూడు, అప్పుడు మండింది అసలు మంట. 2007లో నువ్వు కొత్త రక్తనాళాలు పెరక్కుండా అడ్డుకుంటావని తేల్చినారు, ఆ రక్తనాళాల మీదే బతికే క్యాన్సర్ గడ్డల మీద పనికి రావచ్చు అన్నారు. రావచ్చు! 2017లో అమెరికాలో ఎమరీ యూనివర్సిటీ వాళ్ళు, ఇంకొందరు కలిసి నీలాంటి పదార్థాలే తయారుచేసి క్రీములో కలిపి, సోరియాసిస్‌లాంటి జబ్బున్న ఎలుకలకి 28 రోజులు పూస్తే చర్మం మందం 30 శాతం దాకా తగ్గిందంట. ఎలుకలకి! మా చిన్నాన్నకి ఏళ్ళ తరబడి సోరియాసిస్, మోచేతుల నుంచి పొట్టు రాలతా ఉంటది, నడి ఎండాకాలం పెళ్ళికి కూడా ఫుల్ చేతుల చొక్కా వేసుకుని మూల కుర్చీలో కూర్చుంటాడు ఆ మనిషి. ఆయనకేమో "భవిష్యత్తులో ఉపయోగపడే అవకాశం ఉంది", ఎలుకకి క్రీము, నాకు ముల్లు. ఇదేం పంపకం? ఇన్నేళ్ళుగా ఆ అవకాశం అవకాశంగానే ఉంది, నీకు మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు. ఫ్యాక్టరీవాడి అర్ధగంట నీకంటే నయం, వాడు కనీసం టైమ్ చెప్తాడు.

ఇంకోటి కూడా చదివినా, మిరియాల ఘాటుకి కారణమైన పైపెరిన్‌లోనూ నీలోనూ ఉండేది పైపెరిడిన్ అనే ఒకే తరహా రసాయన చట్రమంట. అంటే ఒక లెక్కన మీరిద్దరూ బంధువులే. మిరియం బుద్ధిగా చారులో పడి జలుబు చేసినోడికి ఆసరా అవతా ఉంది, నువ్వు చింతచెట్టు కింద రౌడీయిజం చేస్తా ఉండావు. చదువుకోని పిల్లోడివి కాదు కదరా, ఇంత కెమిస్ట్రీ ఉందే నీలో!

ట్యూబులోకెక్కి మందుల షాపుకి వచ్చిన రోజు చెప్పు, బేరమాడకుండా ఎమ్మార్పీకే రెండు కొంటా, చిన్నాన్న ఒక మోచేతికి ఒకటి. అందాకా నా కాళ్ళ జోలికి రాబాకు.

ఇట్లు,
గోక్కుంటా,
చిత్తూరు జిల్లా మామిడి రైతు

నకలు: సదరు ఎలుకలకి, సమాచారం నిమిత్తం.